ఫ్రిజ్‌లో పెట్టిన బాణం

ముందు ఫ్రిజ్ గురించి రాయి. తాత తర్వాత వస్తాడు.

"తాత సైకిల్ సంగతి చెప్తా అన్నవ్ కదా అమ్మమ్మా, మధ్యల ఫ్రిజ్ ఏంది?" అంటున్నావు. రాయి బిడ్డా, ఫ్రిజ్ లేకుండా ఆ సైకిల్ సంగతి లేదు. నేను మాట్లాడినట్టు కాకుండా నువ్వు పుస్తకంలో ఉన్నట్టు దిద్ది పెడుతున్నావని నాకు తెలుసు. పెట్టుకో. ఎవరు ఏమన్నారో ఆ మాటలను మాత్రం ముట్టుకోకు. మీ తాత మాట మీ తాత మాటలాగే ఉండాలి. ఇప్పుడాయన నోరు తెరవడమే తక్కువ, ఉన్న నాలుగు మాటలను కూడా చెడగొట్టొద్దు.

మన ఇంట్లో సెల్లులకు ఒక మర్యాద ఉండేది. మూసాపేటలో ఉన్నప్పుడు టార్చిలైటు గుడ్డిగా వెలిగితే సెల్లులు పారేసేవాళ్ళం కాదు. తీసి పిట్టగోడ మీద ఎండలో వరసగా పెట్టేవాళ్ళం. సాయంత్రానికి వాటికి కొంచెం ప్రాణం వచ్చేది, ఇంకో రెండు మూడు రోజులు నడిచేవి. రేడియోలోంచి తీసినవి గోడగడియారంలోకి, గడియారంలోంచి తీసినవి మీ అమ్మ ఆడుకునే బొమ్మలోకి. మా అత్త నేర్పిన విద్య అది. తర్వాత ఎన్నాళ్ళకో ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. వచ్చిన కొత్తలో దేన్ని చూసినా అందులో పెట్టాలనిపించేది. కుంకుమ పెట్టాను, మందుగోళీలు పెట్టాను, ఒకసారి మీ తాత పంచర్లకు వాడే సొల్యూషన్ ట్యూబు కూడా పెట్టి తిట్లు తిన్నాను. సెల్లులు అందులో పెడితే ఎన్నాళ్ళయినా కొత్తగా ఉంటాయని పక్కింటామె చెప్పింది. అప్పటినుంచి ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన పెన్సిల్ సెల్లులు ఉండాల్సిందే. ప్రగతి నగర్ ఫ్లాటుకు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. నీ చిన్నప్పుడు టీవీ రిమోట్ పనిచేయకపోతే ఎవరినీ అడగకుండా నేరుగా ఫ్రిజ్ దగ్గరికి పోయేదానివి, గుర్తుందా?

ఎండలో పెడితే ప్రాణం వస్తుందని మా అత్త చెప్పింది. చల్లగా పెడితే పాడవదని పక్కింటామె చెప్పింది. రెండు మాటలూ నా తలలో పక్కపక్కనే ఉన్నాయి ఇన్నేళ్ళూ. ఒక్కసారైనా రెండింటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగలేదు నేను.

సరే, ఇప్పుడు మీ తాత.

ఆయనకు మూసాపేటలో సైకిల్ షాపు ఉండేదని నీకు తెలుసు. రిపేర్లు, పంచర్లు, కిరాయి సైకిళ్ళు. పొద్దున ఆరింటికల్లా షట్టరు ఎత్తాల్సిందే. పాలవాళ్ళు, కంపెనీలకు పోయేవాళ్ళు గాలి కొట్టించుకోవడానికి నిలబడి ఉండేవాళ్ళు. మాదాపూర్‌లో ఆ పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్న రోజుల్లో అక్కడ పనిచేసే మేస్త్రీలకు, కూలీలకు కిరాయి సైకిళ్ళు ఇచ్చింది మీ తాతే. "రాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏం లేవే ఆడ. గాజుతోని ఇల్లు కడుతరంట, పిచ్చోళ్ళు" అని నవ్వేవాడు. ఇప్పుడు ఆ గాజు ఇళ్ళల్లోనే మీ అమ్మ, మీ నాయిన పనిచేస్తున్నారు. మెట్రో పనులప్పుడు షాపు పోయింది. షాపు పోయినా ఆరు గంటలు పోలేదు. ఈ ఫ్లాటులోంచి రోజూ పొద్దున ఆరింటికి సైకిల్ తీసుకుని మూసాపేట దాకా పోయేవాడు. అక్కడ మెట్రో స్తంభం పక్కన, షాపు ఉన్న చోట నిలబడి చాయ్ తాగి, ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండేవాడు. అది ఆయనకు పూజ కంటే ఎక్కువ.

మతిమరుపు ఎప్పుడు మొదలైందో ఎవరైనా చెప్పగలరా? మాకు తెలిసింది మాత్రం ఒక ఆషాఢం రోజు. ఎనిమిదింటికి రావలసిన మనిషి పన్నెండింటికి వచ్చాడు. సైకిల్‌ను ఆటో వెనక తాళ్ళతో కట్టుకుని వచ్చాడు. "ఏమైందయ్యా, పంచరా?" అన్నాను. "పంచరైతే నేను వెయ్యనా? దారి మార్చేసిన్రే వీళ్ళు" అన్నాడు. దారి ఎవరూ మార్చలేదు. తర్వాత వారంలో రెండుసార్లు అట్లాగే అయింది. దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చాలాసేపు ఆయనతో మాట్లాడి, లెక్కలు చేయించి, బొమ్మలు గీయించి, ఇది తగ్గే జబ్బు కాదు, నెమ్మదిగా పెరిగే జబ్బే అని చెప్పింది. మంచిదే, దాచకుండా చెప్పింది. నేనే వినలేదు. ఆమె నోరు కదులుతుంటే నేను ఆమె చీర అంచు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే మీ అమ్మ సైకిల్ తాళంచెవి దాచేసింది. దాచిన రోజునుంచి ఆయన అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే సెల్లారులోకి పోయి, సైకిల్ పక్కన ముక్కాలిపీట వేసుకుని, టైర్లు బొటనవేలితో నొక్కి చూస్తూ కూర్చునేవాడు. గాలి పోతే కొట్టేవాడు, గాలి పోకపోతే తీసి మళ్ళీ కొట్టేవాడు. వాచ్‌మన్ వచ్చి నాతో, "అమ్మా, పెద్దాయన్ని చూస్తే నాకే గుండె తరుక్కుపోతుందమ్మా" అన్నాడు.

అప్పుడే మీ నాయిన తన పాత డబ్బీ తీశాడు. మీ నాయినకు మధ్యలో రెండేళ్ళు సైకిల్ పిచ్చి పట్టింది కదా, ఆఫీసువాళ్ళతో కలిసి ఆదివారాలు రంగురంగుల బనియన్లు వేసుకుని పోయేవాడు. అప్పుడు కొన్నది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, హ్యాండిల్ మీద బిగిస్తారు. ఎంత స్పీడు, ఎంత దూరం, అన్నీ చూపిస్తుంది. ఒక బటన్ నొక్కితే ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికి దారి చూపిస్తూ ఒక బాణం వస్తుంది.

కడప మనిషి కదా మీ నాయిన, ఆయన మాటే వేరు. "అత్తా, మామకు ఫోన్ గీన్ ఏమీ వద్దు. ఈ బాణం ఎట్ల పోతే అట్ల పొమ్మను. ఇంటికాడికి తెచ్చి ఇడుస్తాది" అన్నాడు.

ఫోను ఇచ్చి చూశాం ముందే. తాత దాన్ని టీవీ మీద పెట్టి పోయేవాడు. డబ్బీని మాత్రం ఒప్పుకున్నాడు. ఎందుకంటే అది హ్యాండిల్‌కు బిగించి ఉంది. సైకిల్‌కు బిగించింది ఏదైనా సైకిల్‌దే, సైకిల్‌ది ఏదైనా తనదే. వారం రోజులు నేను, నువ్వు వెనక ఆటోలో పోయాం, ఆయన ముందు సైకిల్ మీద. మూసాపేటలో చాయ్ తాగాక బటన్ నొక్కడం, బాణం చూడడం. మొదటిరోజు బాణం ఎడమకు తిరిగితే ఆయన కుడికి తిరిగాడు. "నాకు దారి చెప్పెటంత పెద్దదైందా ఇది?" అని దానితోనే కొట్లాడాడు. నాలుగోరోజుకు స్నేహం కుదిరింది. ఎనిమిదో రోజు ఒక్కడే వెళ్ళి ఒక్కడే వచ్చాడు. ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. గేటు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "ఏమే, ఎవలికోసం చూస్తున్నవ్? నేను తప్పిపోతనా? నీలెక్కనా?" అన్నాడు.

మీ అమ్మ మాత్రం వేలు చూపించి మరీ చెప్పింది. "నాయినా, నీ సంతోషం నాకొద్దని కాదు. కానీ ఈ బాణం ఉన్నన్ని రోజులే సైకిల్. ఒక్కసారి మల్ల తప్పిపోయినవ్ అనుకో, సైకిల్ బంద్. నేను ఆఫీసుల కూసొని గుండె పట్టుకోలేను."

ఆయన పెద్దమనిషిలాగా తల ఊపాడు. నా గుండెలో మాత్రం ఆ మాట మేకులాగా దిగింది. ఒక్కసారి. ఒక్కసారి తప్పితే చాలు. ఆ రోజునుంచి నా పని ఒక్కటే, ఆ బాణాన్ని బతికించుకోవడం. రోజూ సాయంత్రం చార్జింగ్ పెట్టడం, నిండిందా లేదా చూడడం, పొద్దున హ్యాండిల్‌కు బిగించి టక్కుమన్న చప్పుడు వినడం. దేవుడి దీపంలో నూనె కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. వినాయక చవితి అయిపోయింది, బతుకమ్మ అయిపోయింది, దీపావళి అయిపోయింది. ఒక్కరోజు తప్పలేదు.

కార్తీకం చివర్లో చలి మొదలైంది. మన చెరువు సంగతి తెలుసు కదా, చలికాలం పొద్దున దానిమీద పొగమంచు లేచి రోడ్డంతా కప్పేస్తుంది. తాత మఫ్లర్ చుట్టుకుని, స్వెటరు మీద స్వెటరు వేసుకుని పోయేవాడు. ఒకరోజు వచ్చాక చూస్తే డబ్బీ నల్లగా ఉంది. బటన్ నొక్కినా వెలగలేదు.

"ఏమైందయ్యా దీనికి?"

"మన గేటుకాడికి వచ్చినంక పండుకున్నది. పాపం, దానికి చలి పెడుతుండొచ్చు" అన్నాడు తాత.

చూడు బిడ్డా, సగం మతిపోయిన మనిషి అన్న మాట. డాక్టర్లు, ఇంజనీర్లు చెప్పవలసిన మాట ఆయన ఊరికే అనేశాడు. నేను నవ్వాను. "డబ్బీకి చలేంది, స్వెటర్ అల్లాల్నా?" అన్నాను. అల్లి ఉంటే బాగుండేది.

చార్జింగ్ పెట్టబోతే దానంతట అదే వెలిగి, సగానికి పైగా ఉందని చూపించింది. ఉంటే ఎందుకు ఆరిపోయింది? నాకు అర్థం కాలేదు. రెండురోజుల తర్వాత మళ్ళీ అట్లాగే, ఈసారి జేఎన్‌టీయూ దాటాక ఆరిపోయిందట. తెలిసిన రోడ్డే కాబట్టి ఎట్లాగో వచ్చేశాడు. ఆ సంగతి ఆయన నాకు చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకు చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. మీ నాయినను అడగొచ్చు, అడిగితే మీ అమ్మకు తెలుస్తుంది. నిన్ను అడగొచ్చు. నీకు అప్పుడు పరీక్షలు. అదొక సాకు. నిజం చెప్పాలంటే నిన్ను కూడా నమ్మలేదు. ఇంట్లో అందరూ ఒకవైపు, నేను, మీ తాత, ఆ డబ్బీ ఒకవైపు అన్నట్టుండేది నాకు.

నా అంతట నేనే ఆలోచించాను. ఎండాకాలంలో మీ అమ్మ ఫోన్ గురించి గోల పెట్టేది కదా, వేడికి బ్యాటరీ పాడైపోయింది, పొయ్యి దగ్గర పెట్టొద్దు అని. చార్జింగ్ పెట్టినప్పుడు డబ్బీ వెచ్చగా అయ్యేది, చేత్తో పట్టుకుంటే తెలిసేది. ఓహో, ఈ వేడే దాన్ని తినేస్తున్నది అనుకున్నాను. నిండా చార్జింగ్ పెట్టి, ఆ వేడి చల్లారేట్టు ఫ్రిజ్‌లో పెడితే? పెన్సిల్ సెల్లులు అందులో ఇన్నేళ్ళు కొత్తగా ఉండలేదా?

ఒక చిన్న స్టీలు డబ్బాలో మెత్తటి గుడ్డ పరిచి, డబ్బీని అందులో పెట్టి, మూతపెట్టి ఫ్రిజ్ తలుపులో పెట్టాను. నువ్వు ఒకసారి అడిగావు, "అమ్మమ్మా, గీ డబ్బాల ఏముంది?" అని. "మెంతులు" అన్నాను. ఫ్రిజ్‌లో మెంతులు ఎవరైనా పెడతారా? నువ్వు కూడా ఇంకో మాట అడగలేదు.

పొద్దున ఆరింటికి తీసేసరికి రాయిలాగా చల్లగా ఉండేది. బయటికి తీయగానే దానిమీద చెమటలాగా నీళ్ళు పట్టేవి. కొంగుతో తుడిచి బిగించేదాన్ని. నిండా ఉందని చూపించేది, నాకు ధైర్యం వచ్చేది. తాత పోయేవాడు. ఎనిమిదింటికి వచ్చేవాడు, డబ్బీ నల్లగా. మూడురోజులు వరసగా అంతే. అప్పుడైనా నాకు తెలియాలి కదా? తెలియలేదు. చల్లదనం సరిపోవడం లేదు అనుకున్నాను. తలుపులోంచి తీసి పై అరలో, ఐసుగడ్డలు కట్టే పెట్టె కిందికి జరిపాను.

నవ్వకు. నవ్వడం లేదా, సరే. రాస్తూ ఉండు.

తర్వాత రెండోరోజు. ఆ పొద్దున ఎంత చలి అంటే నోరు తెరిస్తే పొగ. నేను డబ్బీ బిగిస్తుంటే నా వేళ్ళు జిల్లుమన్నాయి. "ఇయ్యాల వద్దులేయ్యా, చలి బాగున్నది" అన్నాను.

"చలైతే ఏంది? పాలోళ్ళు రాకుంటరా? గాలి ఎవలు కొడ్తరు?" అన్నాడు.

ఆయనకు షాపు ఇంకా ఉంది ఆ పొద్దున. నేను అప్పుడే ఆపాల్సింది. ఆపలేదు. గేటు దాటి పొగమంచులో కలిసిపోయాడు. వెనక ఎర్రలైటు కొంతసేపు కనిపించింది.

ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. మీ అమ్మ బ్యాగు భుజానికి వేసుకుని బయటికి వచ్చి, "నాయిన ఏడీ?" అంది. నేను చట్నీ గిన్నె కడుగుతూనే ఉన్నాను. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను. "అమ్మా, నిన్నే. నాయిన ఏడీ?"

"వస్తడు" అన్నాను.

ఆ ఒక్కమాటతో ఆమెకు అర్థమైపోయింది. బ్యాగు కింద పడేసింది. మీ నాయిన కారు తీశాడు, నువ్వు స్కూటీ తీశావు. మూసాపేటలో చాయ్ కొట్టువాడు, వచ్చాడు, తాగాడు, పోయాడు అన్నాడు. ఎటు పోయాడో చూడలేదన్నాడు. నేను ఇంట్లో ఫోన్ ముందు కూర్చున్నాను. ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పుడు గుర్తులేదు, అన్నీ మొక్కేశాను.

పదిన్నరకు మీ అమ్మ ఫోనుకు కొత్త నంబరునుంచి ఫోన్ వచ్చింది. సైకిల్ చైనుకవరు మీద మీ అమ్మ నంబరు తెల్లరంగుతో రాసి ఉంటుంది కదా. కిరాయి సైకిళ్ళ మీద షాపు పేరు రాసినట్టు మీ తాతే రాసుకున్నాడు, చేయి వణకని రోజుల్లో. ఆ అక్షరాలే దొరికించాయి. మాదాపూర్‌లో హాస్టళ్ళ గల్లీలో ఇడ్లీబండి పెట్టుకున్న ఆవిడ చేసింది. దారిలో నన్ను కూడా ఎక్కించుకుని పోయారు.

ఆమె మమ్మల్ని చూడగానే చేతులు ఊపింది. "గీయనేనామ్మా మీ నాయిన? ఏడున్నరకు వచ్చిండు. కూసోమంటే కూసోడు, తినుమంటే తినడు. 'బాణం సచ్చిపోయింది, మా ఇల్లెటు' అంటడు. నాకేం తెలుసు బాణం ఏందో! నాటకంల ఏషం ఏసేటాయన అనుకున్న. గిరాకీ తగ్గినంక ఆ నంబరు కండ్లవడ్డది."

మీ తాత సైకిల్‌ను ఒంటికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. డబ్బీని హ్యాండిల్‌నుంచి పీకేసి రెండు చేతుల మధ్య పెట్టుకుని, నోటితో ఊదుతున్నాడు. చలికి వణికే పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు. మూడు గంటలకు పైగా అట్లాగే నిలబడ్డాడట. ప్యాంటు తడిసిపోయి, ఆరిపోయి కూడా ఉంది. చుట్టూ మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు ఇడ్లీలు తింటూ, ఫోన్లు చూసుకుంటూ పోతున్నారు.

నన్ను చూసి, "ఇగో, వచ్చినవా? రాళ్ళన్నీ ఏడ పోయినయే?" అన్నాడు.

నేను ఆయన చేతుల్లోంచి డబ్బీ తీసుకున్నాను. ఎండ పడి, ఆయన ఊపిరి తగిలి గోరువెచ్చగా ఉంది. బటన్ నొక్కాను. వెలిగింది బిడ్డా. ముప్పావు వంతు చార్జింగ్ ఉందని చూపించి, బాణం తిరిగి ప్రగతి నగర్ వైపు నిలబడింది.

"చూడవే, వెలుగుతున్నది! పాడు కాలే! జర చలికి ఆగినట్టున్నది!" అని మీ అమ్మకు చూపించాను.

మీ అమ్మ డబ్బీ చూడలేదు. ప్యాంటు చూస్తున్నది. "ఇప్పుడు వెలిగితే ఏం లాభమమ్మా?" అంది. అంతే. గట్టిగా కూడా అనలేదు. ఇడ్లీబండి ఆవిడ ఇచ్చిన నీళ్ళతో వాళ్ళ నాయిన ముఖం కడిగింది.

ఆ సాయంత్రమే సైకిల్‌కు సెల్లారులో గొలుసు పడింది. నువ్వు నన్ను ఓదార్చడానికి పక్కన కూర్చుని చెప్పావు. నీకు గుర్తుందో లేదో, నాకు ఒక్కోమాట గుర్తుంది. "చలికి బ్యాటరీ లోపల అంతా మందమైతది అమ్మమ్మా. చార్జింగ్ ఏడికీ పోదు, లోపల్నే ఉంటది. బయటికి రానీకి బలం సరిపోదు. ఖాళీ అయిందనుకొని డబ్బీ బంద్ అయితది. వెచ్చగ చేస్తే మల్ల వస్తది. అది పాత బ్యాటరీ కదా, దానికి ఇంకెక్కువ. చలికాలం సైకిలోళ్ళు డబ్బీని లోపలి జేబుల పెట్టుకొని, బయల్దేరే ముందే బిగిస్తరు."

నేను ఫ్రిజ్ వైపు చూశాను. స్టీలు డబ్బా అప్పటికి ఖాళీగా పై అరలోనే ఉంది. నువ్వు చెప్పి లేచిపోయాక దాన్ని తీసి, కడిగి, బోర్లించాను.

ఇదే నేను ఎవరికీ చెప్పని సంగతి. మీ తాత సైకిల్‌ను ఆపింది చలి కాదు, మీ అమ్మ కాదు. నేను. మన ఊళ్ళో చలి ఎంత ఉంటుంది? ఆ చలికి డబ్బీ గేటు దాకా కాకపోయినా జేఎన్‌టీయూ దాకా అయినా వచ్చేది, అక్కడినుంచి ఆయనకు తెలిసిన రోడ్డే. దాన్ని రాత్రంతా ఐసు కింద పెట్టి, వణికిస్తూ పంపింది నేను.

చెప్పొచ్చు కదా అప్పుడే అంటావు. చెబుదామనే అనుకున్నాను. నీ ఒక్కమాట పట్టుకుని ఊగాను. "లోపల్నే ఉంటది, వెచ్చగ చేస్తే మల్ల వస్తది." చలి పోనీ అనుకున్నాను. చలి పోయాక అంతా చెప్పి, మీ అమ్మ కాళ్ళు పట్టుకునైనా తాళం తీయిస్తాను. ఇంకో మాట కూడా ఉంది, చెబితే పిచ్చిదనుకుంటావు. ఆ మాట నేను డబ్బీ గురించి ఒక్కదాని గురించే వినలేదు. ఆయన కూడా చలికాలంలోనే ఎక్కువ మందంగా ఉన్నాడు. రోజూ పది గంటలకు బాల్కనీలో ఎండలో కూర్చోబెట్టాను. నువ్వులనూనె కాచి మాడుకు, పాదాలకు రాశాను. మిరియాల చారు పెట్టాను. డబ్బీని దేవుడి అరలో పాత శాలువా ముక్కలో చుట్టి పెట్టాను. ఇద్దరినీ కాపలా కాశాను.

ఆయన రోజూ పొద్దున అడిగేవాడు. "సైకిల్ ఏదే?" మొదట్లో "రిపేరుల ఉన్నది" అనేదాన్ని. "నా సైకిల్ రిపేరు ఎవడు చేస్తున్నడు? వానికి పని వచ్చా?" అని కోపం చేసేవాడు. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయేసరికి అడగడం రెండురోజులకొకసారి అయింది. తర్వాత వారానికొకసారి. అడిగినప్పుడు ఏడుపొచ్చేది, అడగనప్పుడు భయమేసేది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఉగాది వచ్చింది. ఎండలు ముదిరాయి. డబ్బీ పొద్దున చూస్తే ఎంత ఉందో సాయంత్రం చూస్తే ఇంచుమించు అంతే. పండగనాడు పచ్చడి చేతిలో పెట్టి మీ అమ్మను అడిగాను. "ఒక్కసారి బిడ్డా. రోడ్డుమీదికొద్దు, మన కాంపౌండులనే. నీ కండ్ల ముందల్నే." మీ అమ్మ పచ్చడి గిన్నె పక్కన పెట్టి, గోడకు వేలాడుతున్న తాళంచెవి తీసింది.

నువ్వు కూడా ఉన్నావు ఆ రోజు, గేటు దగ్గర. తాత సైకిల్‌ను చూశాడు. ముందు బొటనవేలితో టైరు నొక్కాడు. "గాలి లే" అన్నాడు. వాచ్‌మన్ పంపు తెచ్చి ఇస్తే తానే కొట్టాడు. ఎక్కాడు. ఎంత బాగా తొక్కాడు! వీపు నిటారుగా, మలుపు దగ్గర గంట కొడుతూ, మూడు చుట్లు. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. మీ అమ్మ ముఖంలో వెలుగు వచ్చింది. నేను చూశాను, వచ్చింది. ఇప్పుడు చెప్పేస్తాను ఫ్రిజ్ సంగతి అనుకున్నాను.

నా దగ్గరికి రాగానే ఆపాను. డబ్బీ బటన్ నొక్కాను. నిండా చార్జింగ్. బాణం వెలిగింది. "చూడయ్యా, నీ బాణం. ఇల్లెటున్నదో చెప్పు" అన్నాను.

ఆయన వంగి చూశాడు. ఎవరో పరాయివాళ్ళు తమ మనవడి ఫొటో చూపిస్తే చూస్తామే, అట్లా మర్యాదగా చూశాడు.

"మంచిగున్నది. గడియారమా? టైం ఎంతైంది?" అన్నాడు.

"గడియారం కాదయ్యా. బాణం. గిది ఎటు చూపిస్తే అటు పోతవ్ కదా నువ్వు. యాదికి తెచ్చుకో."

"నేనా?" అని నవ్వాడు. "దారి నాకు తెల్వదా?" అని గేటు బయటికి చెయ్యి చూపించాడు. బాణం వెనక్కి, మన మెట్లవైపు చూపిస్తున్నది. ఆయన చెయ్యి మూసాపేట వైపు.

మీ అమ్మ వచ్చి, ఆయన దిగేదాకా హ్యాండిల్ పట్టుకుని, తానే సైకిల్‌ను కిందికి నడిపించుకుని పోయింది. గొలుసు చప్పుడు పైకి వినిపించింది. నేను ఫ్రిజ్ సంగతి చెప్పలేదు. ఇంక దేనికి చెప్పాలి?

"డబ్బీ అయినా ఎన్ని రోజులు నడుస్తుండే అమ్మమ్మా, పాతది కదా" అంటున్నావు. "జబ్బు అయినా పెరిగేదే కదా, డాక్టరమ్మ చెప్పింది కదా" అంటున్నావు. నిజమే. పెరిగేదే. కానీ ఆ చలికాలంలో ఆయనకు బాణం అంటే ఏమిటో తెలుసు. చలిలో నిలబడి దాన్ని చేతుల్లో పెట్టుకుని ఊదాడంటే, ఇంటికి రావాలంటే అది కావాలని తెలుసు. మార్గశిరంనుంచి ఉగాది దాకా ఎన్ని పొద్దులు? అన్ని చాయ్‌లు, అన్నిసార్లు ఆ స్తంభం పక్కన నిలబడడం. ఎట్లాగూ పోయేవే. పోయేలోపు ఉండాల్సినవి. వాటిని నేను తీసి ఐసు కింద పెట్టాను. ఎండలో పెడితే సెల్లుకు ప్రాణం వస్తుందని మా అత్త చెప్పింది నిజమే. ఏ సెల్లుకు వస్తుందో, దేనికి రాదో మాత్రం చెప్పలేదు.

మీ అమ్మకు చదివి వినిపిస్తావా? వినిపించు. వద్దనను. ఆమె ఏమీ అనదు, అదే కష్టం.

డబ్బీకి ఇప్పటికీ ఆదివారం ఆదివారం చార్జింగ్ పెడుతున్నాను. ఎందుకని అడగకు. ఇంట్లో కూర్చుని ఆన్ చేస్తే దాని బాణం ఎటూ నిలబడదు, చూశావా? ఇల్లు ఇదే కదా, ఎటు చూపించాలో దానికి తెలియదు. అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది. నిన్న మీ తాత దాన్ని అట్లాగే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నాకిచ్చి, "వాళ్ళది వాళ్ళకు ఇచ్చెయ్యే, పోగొట్టుకొని దేవులాడుకుంటుండొచ్చు" అన్నాడు.

తీసుకుని శాలువా ముక్కలో చుట్టి, మళ్ళీ అరలో పెట్టాను.